పెలికన్ల గడ్డం

ఆ బుధవారం పొద్దున నాగేంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, స్నానం చేయాలి, వీధి చివర మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యాలు, తినాలి, బస్సెక్కి మింగళాడోన్‌లో ఉన్న అట్టపెట్టెల ఫ్యాక్టరీకి పోవాలి. రంగూన్ పజుండౌంగ్‌లో నాలుగో అంతస్తు వాటాలో కాపురముంటూ రోజూ అన్ని మెట్లు దిగి ఎక్కే మనిషికి అంతకు మించిన పథకాలు వేసుకునే ఓపిక ఉండదు. ముఖానికి నురగ కూడా పట్టించాడు. రేజరు పట్టుకోవలసిన చేత్తో ఫోను పట్టుకున్నాడు చూడండి, అక్కడ వచ్చింది చిక్కంతా.

పెలికన్లు మళ్ళీ ఓడిపోయారు. ముందు రోజు సాయంత్రం కరెంటు లేక, ఇంటర్నెట్టు లేక, ఫలితం తెలియక రాత్రంతా కాస్త ఆశతో పడుకున్నాడు పాపం.

పెలికనంటే గూడబాతు, ఆ పక్షి పేరు పెట్టుకున్న ఈ పెలికన్లు జపానులో హమాయుమి అనే రేవుపట్నం వాళ్ళ బేస్‌బాల్ జట్టు. బేస్‌బాల్ అంటే మన క్రికెట్‌కి దూరపు చుట్టం లాంటి ఆట. జీతాలు పుచ్చుకుని ఆడే ఆటగాళ్ళే అందరూ, కానీ పెలికన్లు ఏం చేసి ఆ జీతాలు పుచ్చుకుంటారో వాళ్ళ అభిమానులకు కూడా తెలియదు. లీగులో ఉన్నవి ఆరు జట్లు. పెలికన్లది ఆరో స్థానం. ఏడో జట్టు ఉంటే ఏడో స్థానంలో ఉండేవాళ్ళని గిట్టనివాళ్ళంటారు, గిట్టేవాళ్ళూ కాదనలేరు. నాగేంద్రకు ఈ జట్టు ఎలా అంటుకుందంటే, ఫ్యాక్టరీలో మిషన్లు నేర్పిన ముసలి జపాను ఇంజనీరు ఒకాయన రిటైరై వెళ్ళిపోతూ తన తలమీది పెలికన్ల టోపీ తీసి నాగేంద్ర తలమీద పెట్టాడు. గురువు ఇచ్చిన టోపీ పుచ్చుకున్నాక జట్టును కాదనడం మర్యాద కాదనుకున్నాడు నాగేంద్ర. ఆ ముసలాయన ఎంత తేలిగ్గా నవ్వుతూ విమానం ఎక్కాడో నాగేంద్రకు తర్వాత తర్వాత అర్థమైంది.

అద్దంలో నురగ ముఖం వైపు చూసుకున్నాడు. ఏదో ఒకటి చేయకపోతే ఈ సీజను కూడా గంగలో కలిసేటట్టుంది. గోడమీది అమ్మవారి పటం ముందుకు అలాగే వెళ్ళి, "పెలికన్లు ఆరో స్థానంలోంచి పైకొచ్చేదాకా నా మొకానికి బ్లేడు తగల్నివ్వను తల్లీ" అని మనసులో మొక్కుకుని నురగ కడిగేసుకున్నాడు. మొక్కు బయటికి చెబితే ఫలించదని చిన్నప్పటినుంచీ విన్న మాట. అందుకని ఎవరికీ చెప్పలేదు.

వారం తిరిగేసరికి భార్య దేవి అడగనే అడిగింది. దేవి అతనికి మేనమామ కూతురు. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"ఏటి బావా, గెడ్డం అలగొదిలీసినావు?"

"బ్లేడు పడ్డం లేదే. మొకమంతా మంట."

దేవిది జాలిగుండె. వెంటనే బర్మా ఆడవాళ్ళు ముఖానికి గంధంలా రాసుకునే తనాకా చెక్క సానమీద అరగదీసి రెండు చెంపలకీ పట్టించింది. గడ్డానికి పైన తనాకా పూతతో నాగేంద్ర ముఖం, సున్నం వేసిన గోడ మీద గడ్డి మొలిచినట్టు తయారైంది. అంత ప్రేమగా రాస్తుంటే అబద్ధం చెప్పానే అని కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. కానీ పెలికన్లు ఆ సాయంత్రమే గెలవడంతో ఆ సిగ్గు కాస్తా మరిచిపోయాడు.

ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. ఆమె ఏమీ అడగలేదు. చూసి ఊరుకుంది. ఆమె ఊరుకోవడంతోనే అసలు గొడవ మొదలైంది.

ఆమె నాగేంద్ర తల్లి రాజ్యం. వీళ్ళ పెద్దలు గంజాం నుంచి రంగూన్ రేవులో దిగి ఎన్నో ఏళ్ళయింది. కట్టు మారింది, తిండి సగం మారింది, మాటల్లో బర్మా మాటలు వచ్చి కూర్చున్నాయి. కొన్ని ఆచారాలు మాత్రం దిగినవి దిగినట్టే ఉన్నాయి. ఇల్లాలు కడుపుతో ఉంటే మగడు గడ్డం గీయకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, సముద్రం దాటకూడదు. పెద్దవాళ్ళు ఆ సంగతి నోరు తెరిచి అడగకూడదు, దిష్టి తగులుతుంది. కోడలే సమయం చూసుకుని చెప్పాలి. హాస్టల్లో చదువుకునే మనవరాలు పుట్టి పదేళ్ళయింది, రెండో కాన్పు కోసం రాజ్యం మొక్కని దేవుడు లేడు. అలాంటి మనిషి కళ్ళముందు కొడుకు గడ్డం రోజురోజుకీ పెరుగుతోంది. కోడలు ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం కన్నా వేరే రుజువేం కావాలి అనుకుంది రాజ్యం.

ఆ సాయంత్రమే మూడో అంతస్తు ఆవిడ చెవిలో వేసింది. "ఎవులికీ సెప్పకే తల్లీ, మా దేవి కూడా ఇంకా నాకు సెప్పనేదు."

మూడో అంతస్తు ఆవిడ ఎవరికీ చెప్పకుండా రెండో అంతస్తు ఆవిడకు మాత్రం చెప్పింది. మాట మెట్లు దిగి వీధిలోకి వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో గాని, వీధిలోంచి పైకి తిండి రావడం మర్నాటినుంచే మొదలైంది. ఆ వీధిలో పై అంతస్తుల వాళ్ళందరి బాల్కనీలకీ తాళ్ళు వేలాడుతుంటాయి. కింద ఎవరో బుట్ట తగిలించి గంట లాగుతారు, పైన చేదుకుంటారు. ఇన్నాళ్ళూ ఆ తాడుకి పేపరూ కూరగాయలూ తప్ప తగలనిది, ఇప్పుడు పులిహోర వచ్చింది, సున్నుండలు వచ్చాయి, ఉప్పుకారంలో ఊరిన మామిడి ముక్కలు సీసాల్లో వచ్చాయి.

"మనుషులు మంచోళ్ళైపోనారు బావా" అంది దేవి బుట్ట చేదుతూ. "మొన్న కుట్టిన జాకెట్లు అంత బాగున్నాయేటి? అత్త కూడా, నన్ను నీళ్ళ బకెట్టు ముట్టుకోనివ్వడం లేదు!"

నాగేంద్ర వింటే గదా. పెలికన్ల కొత్త బౌలరు ఎడంచేత్తో బంతి ఎలా తిప్పుతున్నాడో చూస్తున్నాడు. బేస్‌బాల్‌లో వాణ్ణి పిచ్చరంటారు. ఆ తిప్పడం తనకూ వస్తుందేమో చూద్దామని దేవి బజారుకెళ్ళినప్పుడు ఒక నిమ్మకాయ తీసుకుని గదిలో ఈ గోడనుంచి ఆ గోడకి విసిరాడు. నిమ్మకాయ తిరగలేదు గాని భుజం తిరిగింది. ఆ వయసులో, ఆ పొట్టతో అలాంటి పనులు చేయకూడదని చెప్పేవాళ్ళు లేక చేశాడు. చెబితే దేవి ఏమంటుందో తెలుసు కనుక ఆ నొప్పిని కూడా మొక్కులాగే మనసులో దాచుకున్నాడు.

ఆ శుక్రవారం ముగ్గురూ అమ్మవారి గుడికి వెళ్ళారు. శ్రావణమాసం, జనం బాగా ఉన్నారు. దేవి ప్రదక్షిణలు చేస్తోంది. పూజారి కొబ్బరికాయ తెచ్చి నాగేంద్ర చేతిలో పెట్టాడు. నాగేంద్ర చెయ్యెత్తబోయాడు, భుజం కలుక్కుమంది. కాయ తిరిగి పూజారి చేతిలో పెట్టేస్తూ మెల్లగా అన్నాడు:

"నాను కొట్టనేనండి. ఇంకెవుల్చేతైనా కొట్టించండి."

వెనకాల వరసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. గడ్డం ఒక్కటే అయితే ఏమో అనుకోవచ్చు. గడ్డమూ పెంచి, కొబ్బరికాయా కొట్టనన్నాడంటే ఇంక అనుకునేదేముంది? పూజారి ఏమీ ఎరగనట్టు ముసిముసిగా నవ్వి, ఇంకో రెండు అరటిపళ్ళు ఎక్కువ వేసి ప్రసాదం ఇచ్చాడు. రాజ్యం కళ్ళు తుడుచుకుంది. నాగేంద్ర ఇవేమీ గమనించలేదు. అరటిపళ్ళు ఎక్కువ వచ్చాయి గనక పెలికన్లకు మంచి శకునమని అనుకున్నాడు.

వానలు వెనకపడేసరికి మూడు సంగతులు జరిగాయి. గడ్డం గుప్పిట్లో పట్టేటంత పెరిగింది. వీధివాళ్ళ సున్నుండలు తిని తిని దేవి నడుం చుట్టూ బాగా ఒళ్ళొచ్చి, తన జాకెట్లు తనే విప్పి కుట్టుకోవలసి వచ్చింది. అది చూసి అనుమానం ఉన్న ఒకరిద్దరికి కూడా అనుమానం తీరిపోయింది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఫ్యాక్టరీలో కొత్త మిషను పెడుతున్నారు, దాని పని నేర్చుకోవడానికి ఒక మనిషిని జపాను పంపుతున్నారు, ఆ మనిషి నాగేంద్ర. పంపేది ఎక్కడికనుకున్నారు? హమాయుమికి. పెలికన్ల ఊరికి. అది కూడా సీజను ఆఖరి ఆటలు సొంత మైదానంలో ఆడే రోజుల్లో.

ఆ కబురు విన్న రోజు నాగేంద్ర బస్సులో నిలబడి ఏడ్చాడు. పక్కనున్నాయన సీటిచ్చాడు. ఇన్నేళ్ళూ అరచేయంత ఫోనులో, ఆగి ఆగి వచ్చే బొమ్మలో చూసిన ఆటగాళ్ళను ఒక్కసారి కళ్ళారా చూడాలని అతనికి ఎంత ఉందో ఇంట్లో ఎవరికీ తెలియదు. గెలవకపోయినా పరవాలేదు. వాళ్ళు ఓడిపోయేటప్పుడు అక్కడ ఉండి చప్పట్లు కొడితే చాలు.

తర్వాతి గురువారం మేనేజరు మొరితగారు పిలిపించారు. మొరిత జపాను మనిషి, మాట తక్కువ. ఆయన మాటను బర్మా భాషలోకీ తెలుగులోకీ తిప్పి చెప్పేవాడు సోయ్ విన్. వాళ్ళ నాన్న బర్మా ఆయన, అమ్మ తెలుగు మనిషి. నాగేంద్ర పక్క వీధిలోనే కాపురం. జపాను భాష ఎప్పుడో నేర్చుకున్నాడు గాని జపాను మాత్రం ఇంతవరకూ చూడలేదు.

మొరిత లేచి నిలబడి, నడుం వంచి, రంగు కాగితం చుట్టిన చిన్న పెట్టె ఒకటి రెండు చేతులతో అందించారు. ఏదో అన్నారు.

"శుభాకాంక్షలంటున్నారు, కో నాగేంద్రా" అన్నాడు సోయ్ విన్ గోడవైపు చూస్తూ. బర్మా మర్యాదలో కో అంటే అన్నగారు. "ఇలాంటి టైములో మగోడు ఇంటికాడే ఉండాలంట. కంపెనీ అర్థం సేసుకుంటాదంట. జపానుకి మీరెళ్ళక్కర్లేదంట."

"ఎలాంటి టైములో?"

"నాను సెప్పేను మరి. మనోళ్ళ ఆచారం, సముద్రం దాటకూడదని." సోయ్ విన్ గొంతు సవరించుకున్నాడు. "మీ బదులు నన్నెల్లమంటున్నారు."

నాగేంద్ర పెట్టె విప్పాడు. బొటనవేలంత మేజోళ్ళు రెండు, తెల్లటివి, పెట్టెలో ముద్దుగా పడుకుని ఉన్నాయి. వాటిని చూశాడు. తన గడ్డం చూసుకున్నాడు. గుడిలో కొబ్బరికాయ, దేవి నడుము, తాడుకి వచ్చిన సున్నుండలు అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందు తిరిగాయి. మూడు నెలల నుంచి వీధి వీధంతా తన ముఖం చూసి ఏమనుకుంటోందో అప్పుడు తెలిసింది.

నోరు తెరిచాడు, కాదని చెప్పడానికే తెరిచాడు. అయితే కాదంటే గడ్డం ఎందుకో చెప్పాలి. చెబితే మొక్కు పోతుంది. అసలే పెలికన్లు ఆ వారం ఎన్నడూ లేనిది పుంజుకున్నారు. ఆదివారం ఆట ఐదో స్థానంలో ఉన్న జట్టుతోనే. అది గెలిస్తే వాళ్ళు కిందికి, వీళ్ళు పైకి. మొక్కు తీరుతుంది, గడ్డం తీసేయవచ్చు, సోమవారం వచ్చి నున్నటి ముఖంతో అంతా చెప్పేయవచ్చు. టిక్కెట్టు బుధవారం దాకా కొనరు. మూడు రోజులు నోరు మూసుకుంటే పోయేదేముంది? నాగేంద్ర తన తెలివికి తనే మురిసిపోయి, మేజోళ్ళు జేబులో పెట్టుకుని, మొరితకు వంగి దండం పెట్టి బయటికొచ్చాడు.

ఇంటికొచ్చేసరికి రాజ్యం బాల్కనీలో నిలబడి తాడు చేదుతోంది. బుట్ట నిండా గాజులు, ఎరుపూ ఆకుపచ్చా.

"ఇయేటమ్మా?"

"నువ్వు నోర్ముయ్" అంది తల్లి గుసగుసగా, ముఖం వెలిగిపోతుంటే. "మీరు సెప్పకపోతే నాకు తెల్దేటి? ఆదివారం గాజులు తొడిగీస్తాను. దేవికి సెప్పకు. అమ్మోరి పేరంటమని సెప్పినాను. మీ దొరగారిని కూడా రమ్మని సోయ్ విన్ చేత కబురెట్టీసినాను."

నాగేంద్ర వేళ్ళమీద రోజులు లెక్కపెట్టాడు. ఆదివారమే ఆట. ఆట పన్నెండు గంటల వేళ మొదలవుతుంది, పేరంటం మధ్యాహ్నం. ఆట ముందు అయిపోతే బతికినట్టు. పేరంటం ముందు మొదలైతే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ధైర్యం చాలక, అన్నం కూడా సగంలో వదిలేసి పడుకున్నాడు. "నీకు కూడా వేవిళ్ళేటిరా" అని రాజ్యం చీకట్లో నవ్వుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి నాలుగో అంతస్తు నిండిపోయింది. మూడో అంతస్తు ఆవిడ, రెండో అంతస్తు ఆవిడ, వీధిలోని ముత్తయిదువలంతా పట్టుచీరల్లో చాపలమీద కూర్చున్నారు. గోడవార మొరితగారు బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో లడ్డూ పళ్ళెంతో భక్తిగా కూర్చున్నారు. ఆయన చెవిదగ్గర సోయ్ విన్ జరిగేదంతా జపాను భాషలో చెబుతున్నాడు. సోయ్ విన్ భార్య నాగదేవి వంటింటి గుమ్మం పక్కన కూర్చుని, ఊరిన మామిడి ముక్కల సీసా ఒకటి చేజిక్కించుకుని దాని పని చూస్తోంది. తలుపు వెనక నాగేంద్ర ఫోనులో తలదూర్చి నిలబడ్డాడు. తొమ్మిదో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది. పెలికన్లు ఒక్క పరుగు ముందున్నారు. అవతలి వాళ్ళలో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు అవుటైతే ఆట అయిపోతుంది.

దేవిని కుర్చీలో కూర్చోబెట్టి బొట్టు పెట్టారు, గంధం రాశారు. అమ్మవారి పేరంటానికి తనకింత మర్యాద ఎందుకో దేవికి అర్థం కాలేదు గాని బాగానే ఉంది. రెండో అంతస్తు ఆవిడ చేతికి గాజు ఎక్కిస్తూ ముచ్చటపడి అడిగేసింది.

"ఐదో నెలా, ఆరో నెలా దేవీ?"

"ఏటి ఐదో నెల?"

"ఓలమ్మ, ఇంకా సిగ్గేటే! మీ ఆయన గెడ్డమే సెప్తాంది."

దేవి కళ్ళు ఇంతింతయ్యాయి. చేతిమీది గాజులు చూసింది, చుట్టూ ఉన్న ముఖాలు చూసింది, తిన్న సున్నుండలన్నీ జ్ఞాపకం చేసుకుంది. కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది.

"నాకేటీ లేదు! నాకేటీ కాలేదు! గెడ్డం బ్లేడు పడక పెంచుకున్నాడు!"

రాజ్యం చేతిలోని కుంకుమ భరిణెకు మూత పెట్టేసింది. మూడో అంతస్తు ఆవిడ మాత్రం నెమ్మదిగా, ఎవరినీ ఉద్దేశించనట్టుగా అంది.

"బ్లేడు పడకపోతే పడకపోవచ్చు. కొబ్బరికాయ కూడా పడదేటి? గుడిలో అందరి ముందూ కొట్టనన్నాడు కదా."

ఆ మాట అందరి బుర్రల్లోకీ ఒకేసారి వెళ్ళింది. గడ్డం పెంచాడు, కాయ కొట్టలేదు. అంటే ఎవరో ఒకరు కడుపుతో ఉన్నమాట ఖాయం. భార్య కాదంటోంది. భార్య కాకపోతే మరి ఎవరు?

దేవి మెల్లగా తలుపువైపు తిరిగింది. "బావా, ఆ గెడ్డం ఎవుతికోసం?"

నాగేంద్ర ఫోనులోంచి తలెత్తలేదు. ఫోనులో పిచ్చరు చెయ్యెత్తాడు. ఒక్క బంతి, ఒక్కటంటే ఒక్కటి. అంతవరకూ ఆగితే చాలు. "ఒక్క నిమషం దేవీ" అన్నాడు నీళ్ళు నములుతూ. అలాంటి ప్రశ్నకు అంతకన్నా చెడ్డ జవాబు ఇచ్చిన మొగుడు పజుండౌంగ్‌లో ఇంకొకడు లేడు.

ముత్తయిదువల కళ్ళు గదంతా వెతకడం మొదలుపెట్టాయి. ఎవరో ఒకరు దొరక్కపోతే అవి ఆగేటట్టు లేవు. ఆ వెతుకులాట వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయింది. అక్కడ నాగదేవి మామిడి ముక్కల సీసా ఖాళీ చేసి, అడుగున మిగిలిన కారం వేలితో నాకుతోంది. ఇంతమంది తనవైపు చూడటంతో కంగారుపడి గబుక్కున లేచింది. లేవగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని స్నానాల గదిలోకి పరుగెత్తింది. లోపల్నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు అందరికీ స్పష్టంగా వినిపించింది.

అందరూ నాగేంద్రవైపు తిరిగారు.

"అది నాది!" అని కేక పెట్టాడు సోయ్ విన్ లేచి నిలబడి. "నాది బాబూ! మా నాగదేవికి మూడో నెల! ఈయనకేటీ సంబంధం నేదు!"

"మూడో నెలా?" రాజ్యం భరిణె కింద పెట్టింది. "మరి నీ గెడ్డమేదిరా?"

సోయ్ విన్ నున్నటి గడ్డం తడుముకున్నాడు. "గెడ్డం పెంచితే జపాను పంపరని... రోజుకి రెండుసార్లు గీసుకుంటన్నాను."

మొరిత లడ్డూ పళ్ళెం పక్కన పెట్టి సోయ్ విన్ లుంగీ అంచు లాగారు. ఇప్పుడు ఏమన్నావు, చెప్పు అన్నట్టు చూశారు. తన మాటను తనే జపాను భాషలోకి తిప్పి చెప్పవలసి వచ్చింది సోయ్ విన్‌కి. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. మొరిత చాలాసేపు విన్నారు.

అయితే దేవి ఇంకా నిలబడే ఉంది. సోయ్ విన్ సంగతి తేలింది గాని తన మొగుడి సంగతి తేలలేదు. కుట్టుమిషను మీదున్న పెద్ద కత్తెర ఎప్పుడు చేతిలోకి తీసుకుందో ఎవరూ చూడలేదు.

"సెప్తావా నేదా?"

ఒకవైపు పెలికన్లు, ఒకవైపు దేవి. ఇన్నేళ్ళ కాపురంలో దేవి కళ్ళల్లో నీళ్ళు చూడటం అతనికి ఇదే మొదటిసారి. బిత్తరపోయిన ఆ ముఖం చూసేసరికి నాగేంద్రకు మొక్కూ మైదానమూ ఏమీ గుర్తురాలేదు.

"పెలికన్ల కోసమే! ఆరో స్థానంలోంచి పైకొస్తే గీసుకుంటానని అమ్మోరికి మొక్కుకున్నాను. సెప్తే పలించదని సెప్పనేదు. కాయ కొట్టనిది భుజం బెణికి. నిమ్మకాయ ఇసిరినాను. అంతే దేవీ, నీ మీదొట్టు!"

"బాతుల కోసమా?" అంది రాజ్యం. ఆమె ఆ ఆటను మొదటినుంచీ బాతులాట అనే అంటుంది. "మూణ్ణెల్లు వీధందరి సేతా బాతుల కోసం సున్నుండలు సేయించినావా!"

దేవి ఎడంచేత్తో గడ్డం పట్టుకుని కుడిచేత్తో కత్తెర ఆడించింది. మూడు నెలల పెంపకం ఒక్క కోతలో చాపమీద పడింది. సరిగ్గా అదే క్షణంలో, అప్పటిదాకా ఆగిపోయి ఉన్న ఫోనులోని బొమ్మ కదిలి బంతి గాల్లోకి లేచింది. రాజ్యం కూడా కొంగు పట్టి పట్టేసేటంత తేలిక క్యాచ్. పెలికన్ల ఆటగాడు దానికింద నిలబడ్డాడు, రెండు చేతులూ చాచాడు, వదిలేశాడు. అవతలి వాళ్ళు ఇద్దరు పరుగెత్తుకొచ్చి, రెండు పరుగులు చేసి గెలిచేశారు. ఆట అయిపోయింది.

"అయ్యో!" అని గది దద్దరిల్లేటట్టు ఒక మూలుగు వినిపించింది. అది నాగేంద్ర గొంతు కాదు. నాగేంద్ర భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూస్తూ, రెండు చేతులతో నెత్తి పట్టుకుని నిలబడింది మొరితగారు. ఆయనది హమాయుమే. చిన్నప్పటినుంచీ పెలికన్లే. ఆ సంగతి ఆఫీసులో తెలిస్తే మేనేజరు తెలివితేటల మీద గౌరవం పోతుందని ఎవరికీ చెప్పుకోలేదు.

కాసేపటికి ఆయన తేరుకుని, కోటు సర్దుకుని, సోయ్ విన్‌కి రెండు ముక్కలు చెప్పారు. సోయ్ విన్ తల వంచుకుని వాటిని తెలుగులోకి తిప్పాడు.

"కడుపుతో ఉన్న మనిషిని ఇడిసి ఎల్లకూడదంట. జపానుకి నాను ఎల్లక్కర్లేదంట. కో నాగేంద్ర ఎల్తాడంట." ఒక్క క్షణం ఆగి, "ఆ మేజోళ్ళు నాకిచ్చీమంటున్నారు" అన్నాడు.

తెచ్చిన గాజులు వృథా పోనివ్వడం రాజ్యానికి ఇష్టం లేదు. ఐదో నెల రాకముందు గాజులేమిటని మూడో అంతస్తు ఆవిడ గొణిగినా వినకుండా, ముఖం కడుక్కుని వచ్చిన నాగదేవిని అదే కుర్చీలో కూర్చోబెట్టి మోచేతుల దాకా తొడిగేసింది. సోయ్ విన్ రేజరు మీద కూడా ఆ రోజునుంచి రాజ్యం పెత్తనమే. "ఇంక గెడ్డం ముట్టుకున్నావో, మీ అమ్మతో సెప్తాను" అని మూడుసార్లు హెచ్చరించి పంపింది.

దేవి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెట్టె సర్దుతూ, చలికోటు అడుగున పెలికన్ల టోపీ తనే పెట్టింది.

"ఎల్లి ఆ బాతుల్ని కడుపారా సూసీసి రా బావా. అంతేగాని ఏ మొక్కూ మొక్కకు. మొక్కాలంటే ముందు నాకు సెప్పు."

"పలించదే."

"సెప్పకుండా ఏటి పలించింది, నా నడుము తప్ప?"

హమాయుమి మైదానం నాగేంద్ర అనుకున్నదానికన్నా చిన్నది, గడ్డి అనుకున్నదానికన్నా పచ్చది. పగలంతా మిషను దగ్గర పని నేర్చుకుని సాయంత్రం పరుగెత్తుకొచ్చి కూర్చునేవాడు. మొదటి రోజు ఆటగాళ్ళు నడిచి వస్తుంటే అతనికి చప్పట్లు కొట్టడం కూడా చేతకాలేదు, ఊరికే నవ్వుతూ ఉండిపోయాడు. జీవితంలో అంత సంతోషం పెళ్ళిరోజున, కూతురు పుట్టిన రోజున తప్ప ఎరగడు. విచిత్రం ఏమిటంటే పెలికన్లు ఆ రోజు గెలిచారు. మర్నాడూ గెలిచారు. ఆ తర్వాత కూడా గెలుస్తూనే పోయారు. సీజను ఆఖరి సాయంత్రం ఆఖరి బంతికి గెలిచి ఐదో స్థానానికి ఎక్కి కూర్చున్నారు. చుట్టూ ముసలివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని ఏడుస్తున్నారు.

నాగేంద్ర వెంటనే ఇంటికి వీడియో కాల్ చేశాడు. దేవి పక్కనుంచి సోయ్ విన్ కూడా తొంగిచూశాడు, సున్నుండలు తీసుకెళ్ళడానికి వచ్చాడట. అతని ముఖాన గుబురుగా, నల్లగా, చక్కటి గడ్డం.

"ఎప్పట్నుంచి పెంచుతున్నావురా?" అన్నాడు నాగేంద్ర మెల్లగా.

"గాజుల రోజునుంచే కదా. మీ అమ్మగారు ఊరుకుంటారేటి?"

నాగేంద్ర లెక్క వేసుకున్నాడు. ఆ గడ్డం మొలిచిన దగ్గర్నుంచే పెలికన్లు గెలుస్తున్నారు. తన గడ్డం మూడు నెలల్లో చేయలేని పని అది మూడు వారాల్లో చేసేసింది.

"నాగదేవికి నెలలు ఎప్పటికి నిండుతాయి?"

"మార్చి ఆకర్న. బిడ్డ బైటపడ్డ మర్నాడే దీన్ని గీసి పారేస్తాను, దురద సంపేస్తంది."

కొత్త సీజను కూడా మార్చి ఆఖర్నే మొదలవుతుంది. ఆ సాయంత్రం గెలిచిన జట్టు మైదానంలోంచి ఏడుపు ముఖంతో బయటికి నడిచిన అభిమాని నాగేంద్ర ఒక్కడే.